జీతం జాడ

ప్రతి నెలా దుబాయిలోనో షార్జాలోనో ఒక కంపెనీ ఆఫీసు నుంచి చిన్న ఫైలొకటి బ్యాంకుకు బయల్దేరుతుంది. దాంట్లో బొమ్మలుండవు, రంగులుండవు. వరసగా అక్షరాలు, అంకెలు, మధ్యమధ్య కామాలు. ఒక్కో వరస ఒక్కో మనిషి. కార్మిక శాఖ ఆ మనిషికిచ్చిన 14 అంకెల సంఖ్య, బ్యాంకు కోడు, ఖాతా సంఖ్య, జీతం ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్ని రోజులకు, స్థిరంగా రావలసింది ఎంత, ఆ నెల అదనంగా ఇచ్చింది ఎంత, జీతం లేని సెలవులు ఎన్ని. అంతే. జగిత్యాల పక్క పల్లె నుంచి వెళ్ళిన మేస్త్రీ, రాజోలు నుంచి వెళ్ళిన డ్రైవరు, నేపాల్ నుంచి వచ్చిన సెక్యూరిటీ గార్డు, అందరూ ఆ ఫైల్లో ఒకే తీరు వరసలు.

వలస కార్మికుల శ్రమదోపిడీని డిజిటల్ సాంకేతికత ఆపగలదా అన్న ప్రశ్నకు జవాబు వెతకాలంటే ఆ వరస దగ్గరే మొదలుపెట్టాలి. అందులో ఏముంది, ఏం లేదు, దాన్ని ఎవరు రాస్తున్నారు, ఎవరు చదువుతున్నారు అన్నవి తేలితే మిగతా యాప్‌లు, పోర్టళ్ళు, ఉపగ్రహాల సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

ఈ ఏర్పాటును వేజ్ ప్రొటెక్షన్ సిస్టమ్ అంటారు, అంటే జీతాల రక్షణ వ్యవస్థ. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ దీన్ని 2009లో తెచ్చింది. అంతకుముందు జీతం నోట్ల రూపంలో చేతికొచ్చేది, రాకపోతే రాలేదని నిరూపించే దారి ఉండేది కాదు. 2006 మార్చిలో, ఇప్పుడు బుర్జ్ ఖలీఫా అని పిలుస్తున్న కట్టడం దగ్గర కార్మికుల కోపం కట్టలు తెంచుకుంది. మరుసటి ఏడాది దుబాయి నిర్మాణ రంగంలో సమ్మెలు జరిగాయి. జీతాలు చెప్పిన తేదీకి పడుతున్నాయో లేదో ప్రభుత్వమే చూడక తప్పని పరిస్థితి వచ్చింది. సౌదీ అరేబియా 2013లో 3,000 మందికి పైగా ఉద్యోగులున్న పెద్ద కంపెనీలతో ఇలాంటి పద్ధతి మొదలుపెట్టింది. ఖతర్‌లో 2015లో చట్టం మారింది.

పని జరిగే తీరు సరళమే. కంపెనీ పంపిన ఫైలు బ్యాంకు నుంచి ఆ దేశపు సెంట్రల్ బ్యాంకుకు, అక్కణ్ణుంచి కార్మిక మంత్రిత్వ శాఖ కంప్యూటర్లకు చేరుతుంది. శాఖ దగ్గర ఆ కార్మికుడి ఒప్పందం ముందే నమోదై ఉంటుంది. కంప్యూటరు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఒప్పందంలో 1,000 దిర్హములుంటే ఫైల్లో 700 ఎందుకుంది? పోయిన నెల 400 వరసలున్న ఫైల్లో ఈ నెల 310 ఎందుకున్నాయి? గడువు దాటినా ఫైలే రాలేదెందుకు? జవాబు రాకపోతే ఆ కంపెనీకి కొత్త పని పర్మిట్లు ఆగిపోతాయి. మనుషుల్ని రప్పించుకోవడం మీదే బతికే కాంట్రాక్టు కంపెనీకి అది జరిమానా కంటే పెద్ద దెబ్బ.

దీని విలువ తక్కువేమీ కాదు. లక్షల మంది మీద నెలనెలా నడిచే తనిఖీ ఇది, ఇన్‌స్పెక్టర్ల సైన్యాన్ని దింపినా ఇంత పని జరగదు. పైగా ఒక కంపెనీ కూలిపోబోతోందని ముందే చెప్పగల సత్తా ఈ లెక్కల్లో ఉంది. పెద్ద సంస్థలు ఒక్కసారిగా జీతాలు ఆపవు. మొదట వారం ఆలస్యం, తర్వాత అదనపు డబ్బు మాయం, తర్వాత సగం మందికే చెల్లింపు. ఆ జారుడు ఫైళ్ళలో నెలల ముందు నుంచే కనిపిస్తుంది.

కనిపించినంత మాత్రాన ఎవరైనా కదులుతారా? 2016 వేసవిలో సౌదీలో ఏం జరిగిందో గుర్తుచేసుకోవాలి. సౌదీ ఓజర్ అనే భారీ నిర్మాణ సంస్థ నెలల తరబడి జీతాలు ఇవ్వలేదు. వేలమంది భారతీయులు క్యాంపుల్లో తిండికి కూడా కటకటలాడారు. జెద్దాలోని భారత కాన్సులేట్ భోజనాలు పంపాల్సి వచ్చింది, విదేశాంగ సహాయమంత్రి వి.కె. సింగ్ స్వయంగా వెళ్ళాల్సి వచ్చింది. అంత పెద్ద సంస్థ జీతాల నిఘా కింద ఉండి ఉండాల్సిందే. కంప్యూటరు తెరమీద ఎర్రగీత పడటానికీ, ఒక అధికారి లేచి ఆ కంపెనీ గేటు దగ్గరికి వెళ్ళటానికీ మధ్య ఉన్న ఖాళీని ఏ ప్రోగ్రామూ పూడ్చలేదు.

ఇంకో ఖాళీ ఆ వరసలోనే ఉంది. దాంట్లో రోజులున్నాయి, గంటలు లేవు.

ఒక లెక్క వేద్దాం. మూలజీతం 1,000 దిర్హములు, నెలకు 26 పనిదినాలు, రోజుకు 8 గంటలు. మొత్తం 208 గంటలు, అంటే గంటకు సుమారు 4.80 దిర్హములు. ఆ మనిషి చేత 12 గంటలు చేయించి అదే 1,000 ఇస్తే 312 గంటలకు గంటకు 3.20 పడుతుంది. ఎమిరేట్స్ చట్టం ప్రకారం అదనపు గంటకు మామూలు కూలి మీద కనీసం 25 శాతం ఎక్కువివ్వాలి. ఆ 104 గంటలకు సుమారు 625 దిర్హములు రావాలి. అంటే జీతంలో దాదాపు మూడింట రెండు వంతులంత డబ్బు నెలనెలా పోతోంది. కంప్యూటరు మాత్రం ఒప్పందం 1,000, చెల్లింపు 1,000, అంతా సవ్యం అని పచ్చదీపం వెలిగిస్తుంది.

కొన్ని కంపెనీలు కార్మికుల ఏటీఎం కార్డులూ పిన్ నంబర్లూ తమ దగ్గరే ఉంచుకుంటాయి. ఖాతాలో పడిన డబ్బును సూపర్‌వైజరే తీసి, అందులో కొంత కోసుకుని చేతిలో పెడతాడు. కొన్నిచోట్ల కార్మికుడే డ్రా చేసి కొంత తిరిగి ఇవ్వాలి. ఖతర్ పరిస్థితి మీద 2020లో హ్యూమన్ రైట్స్ వాచ్ ఇచ్చిన నివేదిక సారాంశం కూడా ఇదే: ఇది జీతాలను గమనించే వ్యవస్థే కానీ కాపాడే వ్యవస్థ కాలేకపోయింది.

ఇక ఆ ఫైల్లో అసలు వరసే లేని మనుషులున్నారు. ఆజాద్ వీసా మీద వెళ్ళి, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఒకచోట, పని ఇంకోచోట అయినవాళ్ళు. అకామా (నివాస అనుమతి) గడువు తీరిపోయి ఖల్లివెల్లిగా, అంటే కాగితాలు లేకుండా, మిగిలినవాళ్ళు. కడప, అన్నమయ్య జిల్లాల నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కువైట్ ఇళ్ళల్లో పనికి వెళ్ళిన ఆడవాళ్ళు. ఇంటిపనివాళ్ళను గల్ఫ్ దేశాలు ఈ వ్యవస్థల్లోకి చాలా ఆలస్యంగా, అదీ కొద్దికొద్దిగానే తెచ్చాయి. ఎవరి మీద దోపిడీ ఎక్కువో వాళ్ళ గురించిన డేటాయే తక్కువ. ఈ రంగంలో ఏ సాంకేతికతను చూసినా నన్ను మొదట కలవరపెట్టేది ఇదే.

అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచంలో 2 కోట్ల 76 లక్షల మంది నిర్బంధ శ్రమలో ఉన్నారు. వయోజనుల్లో వలస కార్మికులు ఆ స్థితిలో చిక్కుకునే అవకాశం స్థానికుల కంటే మూడు రెట్లకు పైగా ఎక్కువ. కారణం వాళ్ళు అమాయకులు కావడం కాదు. వెళ్ళేముందే మెడకు చుట్టుకున్న అప్పు, రాని భాష, యజమానికి కట్టేసిన వీసా, ఈ మూడూ కలిసి మనిషికి మొండికేసే అవకాశం లేకుండా చేస్తాయి. ఫైలు ఈ మూడింటిలో దేన్నీ కొలవదు.

పోర్టళ్ళు ఎదురుతిరిగే సందర్భాలూ ఉన్నాయి. సౌదీలో ఒక కార్మికుడు పనికి రావడంలేదని యజమాని ఫిర్యాదు చేస్తే దాన్ని హురూబ్ అంటారు. ఒకప్పుడు దానికి కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి. అబ్షర్ వంటి ప్రభుత్వ పోర్టళ్ళు వచ్చాక ఇంట్లో కూర్చుని ఫోన్లోనే పెట్టేయొచ్చు. జీతం అడిగిన మనిషి మీద, కార్మిక కోర్టుకు వెళ్తానన్న మనిషి మీద హురూబ్ పెట్టడం గల్ఫ్‌కి వెళ్ళొచ్చిన ఏ ఊళ్ళో అడిగినా తెలిసిన సంగతే. ఒక్క నొక్కుతో చట్టబద్ధ కార్మికుడు పారిపోయినవాడైపోతాడు. తర్వాత వచ్చిన సవరణల్లో కార్మికుడికి 60 రోజుల గడువిచ్చి, ఈలోపు ఇంకో యజమాని దగ్గరికి మారవచ్చన్నారు. మంచిదే. అయినా ఫిర్యాదు పెట్టేవాడికి ఒక నిమిషం, తప్పని నిరూపించుకునేవాడికి నెలలు అన్న తేడా అలాగే ఉంది. డిజిటల్ వేగం ఎవరికి అందిందన్నది చూడకుండా పాలన వేగవంతమైందని సంతోషించలేం.

మన దేశంలోని సాఫ్ట్‌వేర్ సంగతీ చూడాలి. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు మీద సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం) అని ఉంటుంది. వాళ్ళు గల్ఫ్‌తో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే ఎమిగ్రేషన్ అనుమతి కావాలి. ఆ పని ఇప్పుడు ఈ-మైగ్రేట్ అనే పోర్టల్లో జరుగుతుంది. విదేశీ యజమాని, ఇక్కడి రిక్రూటింగ్ ఏజెంటు, ఒప్పందం, ప్రవాసీ భారతీయ బీమా, అన్నీ ఒకే తాడుకు కట్టినట్టుంటాయి. ఏజెంటుకు లైసెన్సుందో లేదో అందులో ఎవరైనా చూసుకోవచ్చు. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు చార్జి 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకుమించి అడిగితే నేరం. ఊళ్ళల్లో వీసాలకు ఇస్తున్నదెంతో వెళ్ళినవాళ్ళకు తెలుసు, వాళ్ళకు అప్పిచ్చినవాళ్ళకు తెలుసు. పోర్టల్‌కు మాత్రం తెలీదు. ఎందుకంటే ఆ డబ్బు సబ్ ఏజెంటు చేతికి నోట్ల రూపంలో వెళ్తుంది. విజిట్ వీసా మీద విమానమెక్కిన మనిషి పోర్టల్ లెక్కలో పర్యాటకుడు.

2020 సెప్టెంబరులో జరిగింది అందరూ తెలుసుకోవాల్సిన ఉదంతం. భారతీయ కార్మికుల్ని ఈసీఆర్ దేశాలు ఫలానా జీతానికి తక్కువ కాకుండా తీసుకోవాలని కేంద్రం కనీస సిఫారసు వేతనాలు నిర్ణయిస్తుంది. ఒప్పందంలో జీతం అంతకు తక్కువుంటే ఈ-మైగ్రేట్ అనుమతించదు. కరోనా కాలంలో ఉద్యోగాలు పోకుండా కాపాడటానికంటూ గల్ఫ్ దేశాలకు ఆ వేతనాలను 30 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తూ సర్క్యులర్లు వచ్చాయి. పోర్టల్ అదే, కోడ్ అదే, తనిఖీ అదే. గడిలో ఉన్న అంకె ఒక్కటే మారింది. నిన్నటిదాకా చెల్లవని ఆపిన ఒప్పందాలను ఈరోజు నుంచి అదే యంత్రం సజావుగా పంపింది. తెలంగాణ గల్ఫ్ కార్మిక సంఘాలవాళ్ళు ఊరుకోలేదు. ఊళ్ళల్లో సభలు పెట్టారు, హైకోర్టుకెక్కారు. 2021 జులైలో కేంద్రం ఆ సర్క్యులర్లను వెనక్కి తీసుకుంది. అంకెను సరిచేసింది కంప్యూటర్ నిపుణులు కాదు, గల్ఫ్ బాధ తెలిసిన మనుషులు.

ఇప్పటివరకు చెప్పిన వ్యవస్థలన్నిటిలో ఉమ్మడి లోపం ఒకటుంది. లెక్క రాసేది ఒక పక్షమే. కిరాణా కొట్లో పద్దు పుస్తకం షావుకారు దగ్గర మాత్రమే ఉంటే నెలాఖరున ఆయన చెప్పిందే బాకీ. ఇంట్లో కూడా చిన్న నోటుబుక్కు పెట్టుకుంటే మాట తీరు మారుతుంది. కార్మికుడి చేతిలో ఆ రెండో పుస్తకం ఉండాలి.

ఇది కొత్త ఆలోచన కాదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న మన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే ఈ మాట చెప్పింది. కాంట్రాక్టరు ప్రతి వలస కార్మికుడికీ ఫోటో అతికించిన పాస్‌బుక్కు ఇవ్వాలి, పని ఎక్కడ, ఎన్నాళ్ళు, కూలి ఎంత, ఎలా ఇస్తారు, కోతలేమిటి, తిరుగు చార్జీలెంత అన్నవన్నీ అందులో రాయాలి, ఆ పుస్తకం కార్మికుడి దగ్గరే ఉండాలి అని ఆ చట్టం అంది. ఒడిశాలోని బలంగీర్, నువాపడా ప్రాంతాల నుంచి బయానా తీసుకుని పెద్దపల్లి, రంగారెడ్డి జిల్లాల ఇటుక బట్టీలకు కుటుంబాలతో వచ్చేవాళ్ళలో అలాంటి పుస్తకం చూసినవాళ్ళు అరుదు. 2021లో వచ్చిన ఈ-శ్రమ్ కార్డు ఆ లోటు తీర్చలేదు. అది మనిషి ఉన్నాడని చెబుతుంది, అతనికి రావలసిన కూలి ఎంతో చెప్పదు.

ఆ బట్టీల మీద ఉపగ్రహాల చూపు కూడా పడింది. దక్షిణాసియా దేశాల్లోని బట్టీల్లో చాలా వాటికి పైనుంచి చూస్తే కోడిగుడ్డు ఆకారం, మధ్యలో పొగగొట్టం. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉపగ్రహ చిత్రాల్లో ఆ ఆకారాన్ని వలంటీర్ల సాయంతో గుర్తించి, పాకిస్తాన్, భారత్, నేపాల్, బంగ్లాదేశ్‌ల మీదుగా సాగే బెల్టులో 55,387 బట్టీలు ఉంటాయని 2018లో అంచనా వేశారు. ఏ రికార్డులోనూ లేని బట్టీని తనిఖీ అధికారికి చూపించటానికి ఇది పనికొస్తుంది. బట్టీ పక్క గుడిసెలో ఉన్న కుటుంబం తీసుకున్న బయానా మాత్రం అంతరిక్షం నుంచి కనబడదు. ఆ సంగతి ఆ కుటుంబమే చెప్పాలి.

మరి కార్మికుడు రాసుకున్న లెక్కకు విలువుంటుందా? ఆస్ట్రేలియా అనుభవం ఇక్కడ చాలా ముఖ్యం. 2015లో సెవెన్ ఎలెవెన్ దుకాణాల్లో విదేశీ విద్యార్థులకు, వారిలో భారతీయులూ ఉన్నారు, కూలి ఎగ్గొట్టిన వ్యవహారం బయటపడి దేశమంతా సంచలనమైంది. అక్కడి ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ సంస్థ 2017లో రికార్డ్ మై అవర్స్ అని ఒక యాప్ తెచ్చింది. పనిచేసే చోటు చుట్టూ మ్యాపు మీద ఒక గీత గీసుకుంటే, ఫోను ఆ గీత లోపలికి వెళ్ళిన వేళ, బయటికి వచ్చిన వేళ తనంతట తనే రాసుకుంటుంది. దుబాయి ఫైల్లో లేని గంటలు ఇక్కడ కార్మికుడి జేబులో పోగవుతాయి.

యాప్ ఒక్కటే అయితే యజమాని వకీలు దాన్ని నిమిషంలో కొట్టిపారేసేవాడు. అదే ఏడాది అక్కడ చట్టం కూడా మారింది. పనిగంటల రికార్డులు ఉంచని, జీతం స్లిప్పు ఇవ్వని యజమాని మీద కార్మికుడు ఫిర్యాదు చేస్తే, ఆ ఫిర్యాదు తప్పని నిరూపించాల్సిన భారం యజమానిదే. ఈ ఒక్క వాక్యం లేకపోతే యాప్ ఒక డైరీ. ఉంటే సాక్ష్యం. సాంకేతికతనూ చట్టాన్నీ కలిపి అల్లాలని ఇంతకంటే బలంగా చెప్పే ఉదాహరణ నాకు కనబడలేదు.

కరోనా కాలంలో గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మనవాళ్ళ దగ్గర ఈ రెండూ లేవు. వందే భారత్ విమానాల్లో దిగినవాళ్ళలో ఎంతోమందికి నెలల జీతాలు, ఏళ్ళ సర్వీసు డబ్బులు రావాలి. కేసు వేద్దామంటే ఒప్పందం కాపీ కంపెనీ దగ్గరుంది, టైంషీట్లు క్యాంపులో ఉండిపోయాయి, బ్యాంకు ఖాతా మూతపడింది. మన దగ్గర నుంచే వకాల్తా ఇవ్వాలన్నా పత్రాలు కావాలి.

అందుకే వెళ్ళేవాళ్ళకు నేను చెప్పే మాటలు ఆర్భాటమైనవి కావు. ఒప్పందం ప్రతి పేజీ, వీసా, అకామా, జీతం స్లిప్పులు, టైంషీట్లు ఫోటోలు తీసి ఊళ్ళో నమ్మకమైన మనిషి ఫోనుకూ పంపాలి. ఇందులో ఒక సాంకేతిక కిటుకుంది. ఫోను కెమెరా తీసిన ఫోటోలో బొమ్మతోపాటు తీసిన తేదీ, సమయం, లొకేషన్ ఆన్‌లో ఉంటే ప్రదేశం కూడా దాగి ఉంటాయి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది బొమ్మను కుదించి ఆ వివరాలను తీసేస్తుంది. డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. అదనపు డ్యూటీ చేసిన రాత్రి తీసిన ఫోటోకు ఆ తేడా సాక్ష్యం విలువనిస్తుంది. కంపెనీతో వివాదం ఉన్నప్పుడు పనిస్థలంలో ఫోటోలు తీయడం కొన్ని దేశాల్లో చిక్కులు తెస్తుంది కాబట్టి తన పత్రాల వరకు ఉండటం క్షేమం.

బ్లాక్‌చెయిన్‌లో ఒప్పందాలు పెడితే ఎవరూ మార్చలేరని కొన్నేళ్ళ కింద గట్టిగా వినిపించింది. చెరకు కార్మికుల కోసం కోకాకోలా, అమెరికా విదేశాంగ శాఖ 2018లో అలాంటి ప్రాజెక్టు ప్రకటించాయి. ఒకసారి రాసింది చెరగదన్నది నిజమే. ఇక్కడ ఒక జీతం చెప్పి అక్కడ దిగాక ఇంకో కాగితం మీద సంతకం పెట్టించే మోసానికి అది కొంత అడ్డు. మొదట రాసిందే అబద్ధమైతే ఆ అబద్ధం కూడా చెరగదు.

అడిగే తీరులో ఉన్న సున్నితత్వాన్ని పట్టుకున్న ఒక ప్రయత్నం నాకు చాలా నచ్చింది. థాయిలాండులో చేపల పరిశ్రమలోనూ ఫ్యాక్టరీల్లోనూ బర్మా, కంబోడియా కార్మికుల్ని తనిఖీ బృందాలు ప్రశ్నించేటప్పుడు దుబాసీ తప్పనిసరి. ఆ దుబాసీ చాలాసార్లు యజమాని మనిషే, లేదా పక్కన సూపర్‌వైజరు నిలబడి ఉంటాడు. ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయానికి చెందిన మకావు పరిశోధనా సంస్థ, మెకాంగ్ క్లబ్ అనే సంస్థ కలిసి తయారుచేసిన అప్రైజ్ యాప్ ఈ చిక్కును ఇయర్‌ఫోన్లతో విప్పింది. తనిఖీ అధికారి ఫోను కార్మికుడి చేతికిస్తారు. అతను తన భాషలో ప్రశ్న వింటాడు: నీ పాస్‌పోర్టు నీ దగ్గరుందా, పని మానేసి వెళ్ళగలవా. అవును, కాదు బొమ్మలు నొక్కుతాడు. చదువు రాకపోయినా ఫరవాలేదు. పక్కవాడికి ప్రశ్నా వినబడదు, జవాబూ తెలీదు. గల్ఫ్ క్యాంపుల్లో తెలుగులో ఇలా అడిగే ఏర్పాటు ఎంతమందికి నోరిస్తుందో ఊహించవచ్చు.

ఇవన్నీ మనల్ని మళ్ళీ ఆ కామాల వరస దగ్గరికే, దాంట్లో ఒక చిన్న మార్పు దగ్గరికి తీసుకొస్తాయి. అదే వరస, అదే రోజు, కార్మికుడి ఫోనుకు అతని భాషలో చేరాలి. ఈ నెల మీకు ఇంత ఇచ్చామని కంపెనీ చెప్పింది, సెలవులు ఇన్ని అంది, నిజమేనా అని గొంతుతో అడగాలి. కాదని నొక్కితే ఆ ఫిర్యాదును తెలుగు వచ్చిన మనిషి అందుకోవాలి, జవాబివ్వటానికి గడువుండాలి, ఫిర్యాదు తేలేదాకా యజమాని హురూబ్ పెట్టే వీల్లేకుండా పోర్టలే ఆపాలి. కొత్తగా కనిపెట్టాల్సిన యంత్రమేదీ ఇందులో లేదు. భారత ప్రభుత్వం గల్ఫ్ దేశాలతో కుదుర్చుకునే ఒప్పందాల్లో అడిగి రాయించాల్సిన షరతులివి.

కువైట్ ఇళ్ళల్లో పనిచేస్తున్న ఆడవాళ్ళకు ఇవి చేరాలంటే ముందు ఇంకొకటి కావాలి. గృహకార్మికుల కోసం 2011లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడిక, ప్రయాణ పత్రాలూ గుర్తింపు పత్రాలూ తన దగ్గరే ఉంచుకునే హక్కు గృహకార్మికురాలికి ఉందంది. భారతదేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. 2011లో పత్రమంటే కాగితం. ఇవాళ ఆమె ఒప్పందం, అకామా, జీతం రసీదు, బ్యాంకు ఖాతా, రాయబార కార్యాలయం నంబరు అన్నీ ఉండేది ఫోన్లో. చేరిన మొదటి రోజే ఫోను తీసుకుని వారానికోసారి అరగంట ఇచ్చే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. పాస్‌పోర్టు లాక్కోవడం ఎలా నేరమో ఫోను లాక్కోవడమూ అలాగే నేరమని, ఆమె చార్జరూ సిమ్ కార్డూ కూడా ఆమెవేనని, ప్రతి గృహకార్మిక ఒప్పందంలో విడిగా ఒక నిబంధన ఉండి తీరాలి. 2021 జూన్‌లో గృహకార్మికుల మీద కువైట్‌తో భారత్ అవగాహన ఒప్పందం చేసుకుంది. దాన్ని మళ్ళీ చర్చకు తీసుకున్న రోజున మన రెండు రాష్ట్రాల ఎంపీలు మొదట పట్టుబట్టాల్సిన నిబంధన అదే.